కింద పెట్టిన కాఫీ

అతిథి కాఫీ తాగలేదు. కప్పును చాప మీద పెట్టేశాడు.

రెల్లుతో కట్టిన అతిథుల విడిదిలో కూర్చున్నవాళ్ళంతా ఇంటి పెద్ద ముతష్షర్ వైపు చూశారు.

సరిహద్దు పక్కనున్న హవీజా చిత్తడి నేలల్లో ఆ కప్పుకు అర్థం పసిపిల్లలకైనా తెలుసు. వచ్చినవాడికి ఏదో కావాలి. తనంతట తాను అడగడు. ఇంటి పెద్ద "ఏం పని మీద వచ్చావయ్యా?" అనాలి. అన్నాడా, ఇక కాదనడానికి లేదు. "కాఫీ తాగు, నీ పని అయినట్టే" అని తీరాలి. కాదంటే తాతల నాటి పరువు ఆ చిన్న కప్పులోనే మునిగిపోతుంది.

అందుకే ముతష్షర్ అడగలేదు.

"ఎండలు మండిపోతున్నాయి," అన్నాడు.

"అవునన్నా," అన్నాడు అతిథి.

పేరు సైహూద్ అని చెప్పాడు. అరవై ఏళ్ళుంటాయి. ముఖం పాలిపోయి ఉంది. మాటలో సరిహద్దు అవతలి యాస. కర్బలా యాత్ర కోసం దారులు తెరిచిన రోజులు కాబట్టి అవతలివాళ్ళు రావడం వింతేమీ కాదు. కానీ యాత్రికుడు రోడ్డు వదిలి ఈ రెల్లు పొదల్లోకి ఎందుకొచ్చినట్టు?

అన్న కొడుకు ఖయ్యూన్ ముతష్షర్ చెవి దగ్గరికి వంగాడు.

"గేదెల కోసమే బాబాయ్. పోయిన వారం ఒకడు ముప్పై గేదెల్ని మన వాగుకు తోలుకొస్తానన్నాడు కదా, వీడూ అంతే. తా దూర కంత లేదు, మెడకో డోలు!"

నిజమే మరి. చుట్టుపక్కల మడుగులన్నీ ఎండి నెర్రెలిచ్చాయి. ముతష్షర్ వాగు ఒక్కటే నడుం లోతు నుంచి తగ్గలేదు. ఎందుకో ఎవరికీ తెలియదు. మా నాన్న చేసుకున్న పుణ్యం అనేవాడు ముతష్షర్. ఆ నీళ్ళ మీద పద్నాలుగు గేదెలు, పదకొండు ఇళ్ళు బతుకుతున్నాయి. ఇంకొకరికి పంచితే ఎవరికీ మిగలదు.

సైహూద్ చాలాసేపు ఎదురుచూశాడు. చివరికి పద్ధతి పక్కన పెట్టి తానే గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, మీ వాగు నీళ్ళు..."

"నీళ్ళు దేవుడివి. ఆయన చిత్తం."

"కాదన్నా, నేను చెప్పేది..."

"ఒరే ఖయ్యూన్! కాఫీ చల్లారింది. కప్పు తియ్యి."

ఖయ్యూన్ కూడా ఒక్క క్షణం జంకాడు. తాగని కప్పును అతిథి ముందు నుంచి తీసెయ్యడం చెంప మీద కొట్టడం కన్నా ఎక్కువ. తీశాడు.

సైహూద్ కోప్పడలేదు. అదే ముతష్షర్‌కు మరీ చిరాకు తెప్పించింది.

"సెలవన్నా," అంటూ మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు.

బయట ముతష్షర్ భార్య నఫ్లా గేదె పాలు పిండుతోంది. సైహూద్ వాగు ఒడ్డున వంగి, దోసిలితో నీళ్ళు తీసుకుని రుచి చూశాడు.

"తియ్యగా ఉన్నాయి చెల్లెమ్మా."

"ఉప్పగా ఉండాలని మొక్కుకున్నావా ఏంటన్నయ్యా?"

అతను నవ్వాడు. "లేదమ్మా. ఇన్నేళ్ళలో ఇక్కడ ఎలా ఉంటాయో ఒక్కసారీ చూడలేదు. అందుకని."

నఫ్లా రొట్టె మీద మీగడ వేసి ఇచ్చింది. నిలబడే తిని, దూడ తల నిమిరి వెళ్ళిపోయాడు.

"పాపం, ఏం కావాలో అడగాల్సింది," అంది నఫ్లా ఆ సాయంత్రం.

"అడిగుంటే నువ్వూ నీ గేదెలూ రోడ్డున పడేవాళ్ళు," అన్నాడు ముతష్షర్.

మూడు వారాలకు వాగు మోకాలి లోతుకు వచ్చింది. తర్వాత చీలమండ లోతుకు. నీళ్ళు ఉప్పెక్కాయి. ముందు దూడ పోయింది. ఆరు గేదెల్ని అమారా సంతలో కోతకు ఇచ్చేసి వచ్చాడు ముతష్షర్. ఎనిమిది ఇళ్ళవాళ్ళు పడవలు ఒడ్డున బోర్లించి పట్నం పోయారు.

అప్పుడొచ్చింది ఒక అధికారిణి. రెండు దేశాలూ కలిసి పెట్టుకున్న నీటి కమిటీలో పనిచేస్తుందట.

"ముతష్షర్ గారు మీరేనా? సైహూద్ గారు మీ గురించి చెప్పారు."

"ఏ సైహూద్? ఆ యాత్రికుడా?"

"మీ వేలిముద్ర కోసం వచ్చారాయన. ఈ వాగు మీద మనుషులు బతుకుతున్నారని ఇటువైపు నుంచి ఒక్క పెద్దమనిషి ముద్ర వేసుంటే, ఒప్పందంలో మీకూ నీటి వాటా రాసేవాళ్ళు. మా పటంలో ఈ వాగు ఎప్పుడో ఎండిపోయింది. ఆయన చెప్పేదాకా మీరున్నారనే మాకు తెలియదు. ముద్ర లేదు కాబట్టి జనం లేని వాగు అని రాసి సంతకాలు పెట్టేశారు."

ముతష్షర్ తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. వేలిముద్ర! గేదెలు కాదు, గడ్డి కాదు, వేలిముద్ర!

"ఆయన ఇల్లెక్కడో చెప్పు తల్లీ. ఇప్పుడే పోతాను. కాళ్ళు పట్టుకుంటాను."

"ఆయన లేరు. గుండె జబ్బు. యాత్ర నుంచి తిరిగెళ్ళిన వారానికే పోయారు. పోయే ముందురోజు నాకు ఫోన్ చేశారు. 'నాకే సరిగా అడగడం చేతకాలేదమ్మా' అన్నారు. మిమ్మల్ని ఒక్క మాట అనలేదు."

ముతష్షర్ బురదలోనే కూలబడి, పసివాడిలా ఏడ్చాడు. నఫ్లా అతని భుజం పట్టుకుంది.

"మేమంటే ఆయనకెందుకమ్మా అంత? మాకేమవుతాడని?" అని అడిగింది.

అధికారిణి ఎండిన వాగు వైపు చూసింది.

"సరిహద్దు గట్టు మీద తూము కాపలాదారు ఆయన. పూర్తిగా మూసెయ్యమని పైనుంచి ఉత్తరువు వచ్చినా, నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా మీ కోసం జానెడు తెరిచి ఉంచింది ఆయనే."