వెనక గుమ్మం

డెలియా చచ్చిన హెర్రింగ్ చేప తోకకి దారం చుడుతోంది. గాలానికి గుచ్చిన ఎర విసురుకి ఊడిపోకుండా అలా చుట్టి, గట్టిగా ముడెయ్యాలి. అన్న డిన్నీ వేటకి వెళ్లే రోజున అతని చేపలకి ముడి వేస్తుంది. అతని స్నేహితుడు ఫింటన్ చేపలకి మాత్రం చుట్టు చుట్టి, దారం కొస లోపలికి దోపి వదిలేస్తుంది. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. విసిరితే గాని తేడా తెలియదు.

ఈవేళ అన్నీ ఫింటన్‌వే. డిన్నీ మడమ బెణికి, పొయ్యి దగ్గర వేడినీళ్ల బేసిన్‌లో కాలు పెట్టుకు కూచున్నాడు.

వెనక గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది. డెలియా తలగుడ్డ నుదుటి మీదికి లాక్కుని, చేపల డబ్బా పట్టుకుని కొట్టుగదిలోకి వెళ్లి తలుపు ఓరగా వేసుకుంది. ఆమెది ఎర్రజుట్టు. వేటకి వెళ్లేవాడు ఎర్రజుట్టు ఆడమనిషిని చూశాడంటే ఇక ఆ రోజు పడవ ఎక్కడు, వెనక్కి వచ్చేస్తాడు. ఆ సరస్సు ఒడ్డున ఎవరైనా అంతే. అందుకని శీతాకాలమంతా ఫింటన్ రోజూ ఇంట్లోకి వస్తున్నా, తలుపు సందులోంచి డబ్బా అందించే చెయ్యి తప్ప అతనికి ఆమె కనబడదు. ఆమెకి అతని గొంతు, తడి కోటు వాసన, డబ్బా అందుకునే వేళ్లు. అంతే.

"ముసలమ్మ నిన్నా దొరకలేదురా," అంటున్నాడు ఫింటన్. దీవి పక్క లోతులో ఉండే పెద్ద పైక్ చేపకి వాళ్లు పెట్టుకున్న పేరది. "విసిరేటప్పుడు నా చెయ్యే ఎక్కడో తప్పుతోంది. చేప ఊడి ఓ పక్క పడుతుంది, వట్టి గాలం ఇంకో పక్క పడుతుంది."

"ముసలమ్మకి కంచంలో పెట్టి వడ్డించి వస్తున్నావు. రేపట్నించి గాలం ఎందుకు, గరిటె పట్టుకెళ్లు," అన్నాడు డిన్నీ.

తలుపు వెనక డెలియా పెదవి కొరుక్కుంది. ఆ చేప పడకూడదు. చలి మొదలైన కొత్తలో ఫింటన్ ఆ పొయ్యి దగ్గరే డిన్నీతో అన్నాడు, ఆమె చెవులారా వింది. ముసలమ్మ పడవలో పడిన రోజుతో సరి, మళ్లీ మీ వెనక గుమ్మం తొక్కను, అన్నాడు. ఆ తరవాత వాళ్లిద్దరూ గొంతు తగ్గించి ఏదో అనుకుని నవ్వుకున్నారు. అదామెకి వినబడలేదు. మర్నాటి నుంచి ముడి వెయ్యడం మానేసింది.

"రేపు లేదు డిన్నీ," అన్నాడు ఫింటన్. దూరాన కెర్రీలో ఉన్న మామయ్యకి పశువులు చూసుకోవడానికి మనిషి కావాలిట. రేపు పొద్దున బస్సుకి వెళ్లిపోతాడట. పడవ ఎవరికి కావాలంటే వాళ్లని తీసుకోమన్నాడు.

అతను తలుపు దగ్గరికి వచ్చాడు. సందులోంచి చెయ్యి చాపాడు. డెలియా డబ్బా వెంటనే వదల్లేదు.

"ఇన్నాళ్లూ నీకు శ్రమ ఇచ్చాను డెలియా. నీ చేపల తప్పేం లేదు. నాకే రాసిపెట్టి లేదు," అన్నాడు.

డెలియా డబ్బా వదిలేసింది. బూట్ల చప్పుడు వెనక గుమ్మం దాటి, ఇంటి పక్కగా తిరిగి, ముందున్న వాలులోకి దిగిపోయింది.

ఆమె బయటికి వచ్చి, బల్ల మీది పొలుసులు తుడవసాగింది. తుడిచినచోటే తుడుస్తోంది.

"పాపం వెధవ," అన్నాడు డిన్నీ. "ఇంకొక్క వారం చూడరా అంటే వినలేదు."

"చూస్తే ఏం లాభం?" అంది డెలియా. "చేప పడితే మన గుమ్మం తొక్కనన్నవాడేగా. పడకపోయినా తొక్కడు. ఏదైతేనేం."

డిన్నీ బేసిన్‌లోంచి కాలు తీసి ఆమె వంక చూశాడు. "నువ్వు విన్నావా అది?"

"విన్నాను."

"వెనక గుమ్మం తొక్కను అన్నాడు. ఆ పైన అన్నది వినలేదన్నమాట." డిన్నీ తువ్వాలు కోసం చెయ్యి చాపి, ఎందుకో మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. పోయేవాడికి ఇంక ఒట్టేమిటి. సెంటు భూమి లేనివాణ్ణి, ఆ పిల్లని అడగడానికి వట్టి చేతులతో ఎలా వస్తాను, అన్నాడు. ముసలమ్మని భుజాన వేసుకుని, టై కట్టుకుని, ముందు తలుపు తడతానన్నాడు. టై కొనుక్కున్నాడు కూడాను. వంకాయ రంగుది."

డెలియా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ముందు తలుపు ఆ ఇంట్లో ఎవరూ వాడరు. చర్చి ఫాదర్ వచ్చినప్పుడు, డాక్టరు వచ్చినప్పుడు తీస్తారు. ఆఖరిసారి తీసింది అమ్మ శవపెట్టెని మొయ్యడానికి. దానికెదురుగా వాలు, వాలు చివర సరస్సు. కిటికీలోంచి డెలియా చూసింది. ఫింటన్ ఇంకా ఒడ్డునే ఉన్నాడు, వంగి పడవలోని వాన నీళ్లు తోడి పోస్తున్నాడు.

ఆమె ముందు తలుపు దగ్గరికి వెళ్లి గడియ లాగింది. తలుపు తడికి ఉబ్బిపోయి ఉంది. భుజం ఆనించి, రెండు చేతులతో మళ్లీ లాగింది.

"ఎక్కడికి?" అన్నాడు డిన్నీ. "తలగుడ్డ సరిగ్గా కట్టుకో. వాడింకా పడవ ఎక్కలేదు. నీ జుట్టు కంటబడిందంటే వెనక్కి వచ్చేస్తాడు."

డెలియా తలగుడ్డ విప్పి కుర్చీ మీద పడేసి, ముందు తలుపు బార్లా తెరిచి ఉంచి, బయటికి వెళ్లిపోయింది.