నవ్వు లేని చోట నవ్వు

హాల్లో మళ్ళీ అదే నవ్వు.

తెర మీద పెళ్ళికూతురు వీధి తలుపు తీసి, తొంగిచూసి, మళ్ళీ వేసేసింది. అంతే. అందులో నవ్వడానికేముంది?

మూడో వరసలో ముసలావిడ మాత్రం పకపకా నవ్వింది.

హార్లన్‌కి ఒళ్ళు మండింది.

హాలీవుడ్‌లో పాత సినిమాలు ఆడే చిన్న హాలు అతనిది. టీవీ వచ్చాక జనం పలచబడ్డారు. బుధవారం మధ్యాహ్నం ఆటకి వచ్చే ఆ నలుగురూ ఈవిడ మీద సణుగుతున్నారు. ఈ సినిమా ఒకప్పుడు న్యూయార్క్ నాటకం. పాతికేళ్ళ పండగ చేసి, నాటి వాళ్ళనెవరినైనా తెర ముందు నిలబెడితే హాలు బతుకుతుందని అతని ఆశ. ఎంత గాలించినా ఒక్కరూ దొరకలేదు.

ఆట అయ్యాక ముసలావిడని ఆపాడు.

"అమ్మా, మీరిక రావద్దు. నవ్వు లేని చోట నవ్వుతున్నారు."

ఆవిడ చేతి తొడుగులు సర్దుకుంది.

"అక్కడ ఎవరో ఒకరు నవ్వాలి కదా నాయనా."

మతి చలించిందనుకున్నాడు. పేరైనా అడగలేదు.

రెండు నెలల తర్వాత, పండగ ముందు రోజు, ఎలాగైతేనేం, ఒకాయన దొరికాడు. నాటకంలోనూ సినిమాలోనూ వెయిటర్ వేషం వేసిన లెస్టర్. వెయిటర్ని చూడ్డానికి ఎవడొస్తాడు? పండగ నాడు హాలు సగం కూడా నిండలేదు.

పెళ్ళికూతురు తలుపు తీసి, వేసింది.

లెస్టర్ పకపకా నవ్వాడు.

హార్లన్ ఆట అవగానే పరుగున వెళ్ళి, అక్కడెందుకు నవ్వారని అడిగాడు.

"నాటకంలో అక్కడ నాదొక డైలాగుండేది బాబూ. 'పారిపోయేదైతే కేకు కూడా పట్టుకుపోమ్మా, నాకు మోత తప్పుతుంది' అనేవాణ్ణి. జనం పడీపడీ నవ్వేవారు. సినిమావాళ్ళు ఆ మాట కోసేశారు. నవ్వు కోసం వదిలిన జాగా మాత్రం అలాగే ఉండిపోయింది."

హార్లన్ మరొకావిడ కూడా అక్కడే నవ్వేదని, బూడిదరంగు తొడుగులు వేసుకునేదని చెప్పాడు.

లెస్టర్ మొహం వాడిపోయింది.

"నువ్వేనా ఆవిణ్ణి రావద్దన్నది? పాపం, పోయేదాకా అదే దిగులు. పోయిన నెలలోనే సాగనంపాం."

"ఎవరండీ ఆవిడ?"

లెస్టర్ ఖాళీగా ఉన్న మూడో వరస వైపు చూశాడు.

"ఆ నాటకం రాసినావిడ."