పన్నెండో పాట

మూడోసారి కూడా సరిగ్గా ఆ పై స్వరం దగ్గరికి వచ్చేసరికే చర్చి గంట ఠంగుమని మోగింది.

రికార్డింగ్ చేయిస్తున్న హార్మ్‌సెన్ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పడేశాడు. హాంబర్గ్ నుంచి మా కొండ ఊరికి వచ్చిన మనిషి. అటువైపు వాళ్లకి కోపం నిదానంగా వస్తుంది, వచ్చాక మాత్రం ఓ పట్టాన పోదు.

"అయ్యో, ఈసారి ఎంత బాగా వచ్చేదో," అని నిట్టూర్చింది ఒట్టీలియా. యాభై ఎనిమిదేళ్ల మహా గాయని. ఆ పై స్వరం రాబోతోందంటే చాలు, ఆవిడ ఎడమ చెయ్యి రుమాలుతో సహా కిటికీ వైపు ఠీవిగా లేస్తుంది. కిటికీకి ఎదురుగా గంటగోపురం.

"ఆ ఒక్క పాటా వదిలేద్దాం హార్మ్‌సెన్ గారూ. పదకొండు అయ్యాయిగా, చాలవా?"

"చాలవమ్మా. పన్నెండూ ఉంటాయని రికార్డు అట్టల మీద అచ్చు కూడా అయిపోయింది."

ఆ పన్నెండు పాటలూ మామూలువి కావు. తర్వాత్తర్వాత నూరుమంది వాయిస్తే గానీ నిండని సింఫనీలు రాసిన ఓ మహానుభావుడు, ఇరవై ఏళ్ల వయసులో పీకల్లోతు ప్రేమలో పడి రాసుకున్నవి. ఒక్క గొంతు, ఒక్క పియానో. అన్నీ ఒకే గాయని, ఎక్కడా అతుకు లేకుండా పాడిందని రికార్డు అమ్మాలని హార్మ్‌సెన్ ఆశ. చర్చి పక్కనున్న ఈ పాత హాలు, అద్దె పియానో శుక్రవారం సాయంత్రం దాకానే. ఇవాళ బుధవారం. ఆ లోపల పన్నెండో పాట పడకపోతే మిగతా పదకొండూ బూడిదలో పోసినట్టే.

"పొద్దున సాధనలో కూడా మీరు ఆ స్వరం తియ్యలేదు," అన్నాడు పియానో దగ్గర కూర్చున్న వెండెలిన్.

"దాచుకోవద్దూ నాయనా? ఆ ఒక్క స్వరం మీదే పాతికేళ్లు బతికాను. అది ఇక్కడ పగిలిందంటే రేపు వియన్నాలో తలెత్తుకు తిరగగలనా?" అంది ఆవిడ.

హార్మ్‌సెన్ విసవిసా గోపురం దగ్గరికి వెళ్లాడు. గంట కొట్టే బ్లాసియస్ మెట్ల మీద కూర్చుని ఆపిల్ కోసుకుంటున్నాడు.

"పొద్దున గంట ఎందుకు కొట్టావు?"

"ఎవరో పోయారండి డాక్టర్ గారూ."

హార్మ్‌సెన్ డాక్టరేం కాదు. మా వైపు కళ్లజోడుంటే డాక్టరే.

"ఎవరు పోయారు?"

"ఇంకా తెలీలేదండి."

"మరి మధ్యాహ్నం?"

"వడగళ్ల మబ్బండి. గంట కొడితే చెదిరిపోతుంది."

"ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదే?"

"అదేనండి నేను చెప్పేది. చెదిరిపోయింది."

"ఇప్పుడు?"

"తాడు గట్టిగా ఉందో లేదో చూశానండి. ఈస్టర్ పండగ వస్తోంది కదా."

ఆ సాయంత్రం హార్మ్‌సెన్ పూటకూళ్లింట్లో సూప్ ముందు పెట్టుకుని తల పట్టుకుంటే, యజమానురాలికే జాలేసింది.

"రేపు సాయంత్రం పూజ అయ్యాక గంటలు మూగనోము పడతాయి నాయనా. శనివారం రాత్రి దాకా ఒక్కటీ మోగదు. అన్నీ రోముకి వెళ్లిపోతాయి."

"గంటలా?"

"మా అమ్మ అలాగే చెప్పేది. నువ్వు వెళ్లి చూడొచ్చావా, నేను చూడొచ్చానా? సూప్ తాగు."

హార్మ్‌సెన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఈ సంగతి వినగానే ఒట్టీలియా ముఖం మాత్రం పాలిపోయింది.

"గుడ్ ఫ్రైడే నాడు ప్రేమపాటా? పాపం కాదూ?"

"పాపమంతా నా నెత్తిన వేయండి. ఫాదర్ గారిని అడిగాను. తలుపులు మూసుకుని పాడుకోమన్నారు."

ఎంత భక్తురాలో పాపం, అనుకున్నాడు హార్మ్‌సెన్. మర్నాడు ఆవిడ చర్చికి వెళ్లి, పూజ అయ్యాక కూడా చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

శుక్రవారం పొద్దున పదిన్నర. ఊళ్లో చీమ చిటుక్కుమనడం లేదు. వెండెలిన్ వేళ్లు మెత్తగా కదిలాయి. మొదటి చరణం, రెండో చరణం. ఆవిడ గొంతులో ఇరవై ఏళ్ల కుర్రాడి దిగులంతా పలికింది. ఇంత బాగా ఈ పాట ఎవరూ పాడి ఉండరని హార్మ్‌సెన్‌కి కళ్లు చెమర్చాయి. ఇంకొక్క స్వరం. అంతే, గట్టెక్కినట్టే.

రుమాలు పట్టుకున్న ఎడమ చెయ్యి పైకి లేచింది.

కిటికీ కింద కటకటకటకటమని, పొడి కట్టెల మోపు మెట్ల మీంచి దొర్లినట్టు చప్పుడు. పాట ఆగిపోయింది.

హార్మ్‌సెన్ ఒక్క ఉదుటున బయటికి పరిగెత్తాడు. బ్లాసియస్ తోపుడుబండంత చెక్క గిలక ముందు పెట్టుకుని, దాని పిడి కటకటలాడిస్తూ తిప్పుతున్నాడు.

"ఏమిటిది?"

"గిలకండి డాక్టర్ గారూ. గంటలు రోముకి వెళ్లాయి కదండీ, అవి తిరిగొచ్చేదాకా వేళ తెలియడానికి దీన్నే తిప్పుతాం. తాతల నాటి ఆచారం."

"ఏ వేళకి తిప్పుతారు?"

"పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు."

"ఇప్పుడు టైమెంత?"

బ్లాసియస్ గోపురం మీది గడియారం చూశాడు. నేల చూపులు చూశాడు.

"చెప్పవయ్యా. మళ్లీ ఎవరైనా పోయారా? మబ్బు పట్టిందా? లేకపోతే దీనికి కూడా తాడుందా?"

బ్లాసియస్ నెమ్మదిగా టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"ఇవాళ గుడ్ ఫ్రైడే, అబద్ధమాడలేనండి డాక్టర్ గారూ. తను ఎడమ చెయ్యి ఎత్తినప్పుడల్లా మోగించమని ఆ పాడే ఆవిడే చెప్పారు."