లోపం లేని అబ్బాయి

రేపల్లె వాళ్ల కోడలు గొడ్డుదని, అక్కడ వాళ్లింటి వెనక వీధిలో ఉండే తన చెల్లెలు చెప్పిందని, పక్కింటి సరోజిని వచ్చి చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. చేటలో బియ్యం ఏరుకుంటూ శోభారాణి ఇంటి గడప మీద కూర్చుని మిగతాదీ విప్పింది.

"పెళ్లై ఆరేళ్లంట అక్కా. మూడుసార్లు తెనాలి ఆస్పత్రికి తీసుకెళ్లారంట. అత్తగారే దగ్గరుండి తీసుకెళ్లి, దగ్గరుండి తీసుకొచ్చిందంట. ఏం లాభం? మూడుసార్లూ ఉత్త చేతుల్తోనే దిగారు. వచ్చాక నెల్లాళ్లు మంచం దిగనివ్వకుండా పథ్యం కూడా పెట్టిందంట. అట్టాంటి అత్త ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుద్ది?"

శోభారాణికి అత్తగారి మంచితనం గురించి బెంగ లేదు. ఆమె బెంగ వేరు.

బాపట్లలో పదమూడేళ్లుగా జాకెట్లు కుట్టి ముగ్గురు ఆడపిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి ఆమె. రెండుసార్లు కొలవందే గుడ్డ మీద కత్తెర పెట్టదు. పెద్దమ్మాయి యామినికి ముప్పై నిండాయి. వచ్చిన ప్రతి సంబంధమూ జాతకం దగ్గర ఆగిపోయింది. అలాంటిది రేపల్లె నుంచి రంగనాయకులు, ఆదిలక్ష్మి దంపతులు వెతుక్కుంటూ వచ్చి, తమ ఒక్కగానొక్క కొడుకు అభినవ్‌కి యామినిని అడిగారు. పన్నెండెకరాల మాగాణి, మెయిన్ రోడ్డులో ఎరువుల కొట్టు. కోడలు గొడవ పడకుండా విడాకుల కాగితాల మీద సంతకం పెట్టేసిందట. కోర్టులో గడువు తీరడమే తరువాయి.

"మీ అమ్మాయి జాతకంలో సంతానయోగం ఉందన్నారు మా సిద్ధాంతిగారు. మాకదే చాలు" అంది ఆదిలక్ష్మి.

అంతా బాగానే ఉంది. కానీ లోపం ఆ కోడలిలోనే ఉందని రుజువేంటి? అబ్బాయిలో ఉంటే? ఇంకో ఆరేళ్లకి సరోజిని చెల్లెలు అదే వీధిలో కూర్చుని, అదే మాట తన కూతుర్ని అంటుంది.

ఫోన్ చేసి డాక్టరు రిపోర్టులు అడిగింది.

"పాతవి కదా వదినగారూ, ఎక్కడ పడ్డాయో ఏంటో" అంది ఆదిలక్ష్మి.

"అయితే ఆ అమ్మాయినే ఒకసారి తీసుకురండి. తన నోటితో చెబితే నాకు నిశ్చింత."

ఇంకొకరైతే ఫోన్ పెట్టేసేవారు. ఆదిలక్ష్మి నవ్వింది.

"దానికేం భాగ్యం! మా సాహితి నేను కూర్చోమంటే కూర్చుంటుంది, లెమ్మంటే లేస్తుంది."

ఆదివారం పొద్దున్నే కారు వచ్చి ఆగింది. అభినవ్ రాలేదు, మొహమాటమట. రంగనాయకులు సోఫాలో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. సాహితి అందరికన్నా వెనక, అత్తగారి సంచీ పట్టుకుని దిగింది. మనిషి ఆరేసిన చీరలా ఉంది.

యామిని కాఫీలు తెచ్చింది. రెండోది పకోడీల పళ్లెం తెచ్చింది. తొమ్మిదో తరగతి చదివే చిన్నది మంచినీళ్లు తెచ్చింది.

"ఇంటినిండా లక్ష్ములే! ఆడపిల్లలు తిరిగే ఇంటి కళే వేరండీ" అని మురిసిపోయింది ఆదిలక్ష్మి.

సాహితి గ్లాసు అందుకోబోయి చిన్నదాని చెయ్యి పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు.

"ముగ్గురా పిన్నిగారూ? ముగ్గురూ ఆడపిల్లలేనా?"

శోభారాణి చప్పున చిన్నదాని భుజం పట్టి ఇవతలికి లాగింది. పిల్లల్లేని దాని చూపు! "నువ్వు లోపలికెళ్లి చదువుకోవే" అని చిన్నదాన్ని పంపేసింది. వీళ్లు వెళ్లగానే ముగ్గురికీ దిష్టి తీయాలనుకుంది.

తర్వాత సూటిగా పనిలోకి దిగింది.

"సంతకం ఇష్టపడే పెట్టావా అమ్మా?"

సాహితి అత్తగారి వంక చూసింది. కారులో పాఠం అప్పజెప్పించుకునే తీసుకొచ్చినట్టుంది ఆవిడ. కళ్లతోనే అందిస్తోంది.

"పెట్టానండి."

"మళ్లీ రేపొచ్చి నా కూతురి కాపురంలో రచ్చ చెయ్యవుగా?"

"చెయ్యనండి. నాకింక పిల్లలు పుట్టరని డాక్టరు చెప్పేశారండి. ఆయన్నెందుకు ఆపడం?"

"విన్నారుగా వదినగారూ" అంటూ ఆదిలక్ష్మి పకోడీ అందుకుంది. "మంచి పిల్ల. అబద్ధం తెలీదు దానికి. రాత లేదు, అంతే."

యామిని వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. తల్లి ముఖంలోకే చూస్తోంది. ఇక్కడితో ఆపేస్తే ముహూర్తాలు పెట్టుకోవచ్చు. కానీ శోభారాణి రెండో కొలత తీసుకోకుండా ఎప్పుడూ కత్తెర పెట్టలేదు.

"అది నీ సంగతమ్మా. నేనడిగేది అబ్బాయి సంగతి. రేపు నా బిడ్డని కూడా గొడ్డుదంటే నేనేం కావాలి? నీ తోడబుట్టినదనుకుని చెప్పు. అబ్బాయిలో లోపమేమన్నా ఉందా?"

"చెప్పు సాహితీ, ఉన్నదున్నట్టు చెప్పు, భయమెందుకు?" అంది ఆదిలక్ష్మి ధీమాగా. "నా కొడుకు మీద ఆ మచ్చ కూడా పోతుంది."

సాహితి సంచీ కింద పెట్టింది. వంటింటి గుమ్మంలోకి ఒకసారి చూసి, శోభారాణి వైపు తిరిగింది.

"ఆయనలో ఏ లోపమూ లేదు పిన్నిగారూ, నాకు మూడుసార్లు కడుపొచ్చింది, మూడుసార్లూ ఆడపిల్లేనని తెలుసుకుని అత్తయ్యగారే దగ్గరుండి తీయించేశారు."