విప్పరాని ఫోన్

పిట్ట ముట్టలేదు.

మానేరు ఒడ్డున మోదుగాకు విస్తరిలో అన్నం, కోడికూర పెట్టారు. పక్కన అంతయ్య తాగే బీడీల కట్ట, కారం బూందీ పొట్లం, చెయ్యి విడవకుండా వాడిన పాత స్క్రూడ్రైవరు. అంతా పెట్టి ఇంటిల్లిపాదీ దూరంగా జరిగి కూర్చున్నారు. అంతయ్య పోయి ఆ రోజుకు మూడో రోజు. కాకి దిగి ముడితే ఆయన తృప్తిగా వెళ్లిపోయినట్టు. ముట్టకపోతే మనసు ఇంకా దేనిమీదో ఉండిపోయినట్టు. కాకులు వచ్చి తుమ్మచెట్టు మీద వాలాయి గానీ ఒక్కటీ కిందికి దిగలేదు.

అంతయ్య అన్న రాయమల్లు లేచి విస్తరికి దండం పెట్టి, ఇంటిని తాను చూసుకుంటానని తమ్ముడికి మాటిచ్చాడు. కొడుకు మల్లేష్ కొండగట్టుకు నడిచిపోతానని మొక్కాడు. ఎవరో కల్లు తెచ్చి పోశారు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. కాకులు కదల్లేదు.

అంతయ్య భార్య బాలలక్ష్మికి పొద్దటినుంచీ ఏడుపు రావడం లేదు. చివరికి నడుముకు దోపుకున్న ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆయనకు దీన్ని ఇప్పాల్నని ఉండె," అన్నది.

ఆ సంగతి అందరికీ తెలుసు. అంతయ్య మరమగ్గాలు బాగుచేసే మనిషి. ఇంట్లో మిక్సీ, గోడగడియారం, టీవీ, ఏదీ ఆయన విప్పకుండా మిగల్లేదు. బాగైనా కాకపోయినా, తిరిగి బిగించేముందు మూత లోపల సూదిమొనతో తన పేరు గీకేవాడు. వాడకట్టు ఫ్యాన్లన్నిటి కడుపులో మా తమ్ముడే ఉన్నాడని రాయమల్లు ఎగతాళి చేసేవాడు. ఎన్నడూ అంగీ ఇస్త్రీ చేసుకోని మనిషి పోయిన నెల ఇస్త్రీపెట్టె అడిగితే, ఇక దాని వంతు వచ్చిందనుకుని బాలలక్ష్మి ఇచ్చేసి తన పనిలో పడింది.

ఈ ఫోను మాత్రం మల్లేష్ తండ్రికోసం కావాలనే ఏరి తెచ్చాడు. ఎక్కడా ఒక్క స్క్రూ లేదు, అంతా జిగురుతో అతికిందే. బాలలక్ష్మి సంతోషపడింది. ఆమెకు ఫోను మోగితే చాలు, ఇంట్లో ఒక్క వస్తువైనా నిండుగా ఉంటే చాలు. అంతయ్యే గులిగేవాడు. లోపల ఏమున్నదో చూడనియ్యనిది మన సామాను ఎట్లయితదని. ఆసుపత్రిలో మూతికి ఆక్సిజన్ పెట్టి మాట పోయాక కూడా ఫోను అంచును బొటనవేలితో రాస్తూ తనలో తానే నవ్వుకునేవాడు. చేతగాక నవ్వుతున్నాడనుకుని ఆమె ముఖం తిప్పుకునేది.

మల్లేష్ వచ్చి తల్లి ముందు కూర్చున్నాడు. ఫోనుకు తాళం ఉంది, దాని నంబరు బాపుకు తప్ప ఎవరికీ తెలియదు. కాగితాలు తెస్తే తీసి ఇస్తామని కరీంనగర్‌లో కంపెనీవాళ్లు అన్నారు. బయటివాళ్లు విప్పినట్టు కనబడితే మాత్రం ముట్టరట.

"కొన్నది మనం, తాళపుచెయ్యి వాళ్లతాననా," అన్నాడు రాయమల్లు. "గిదేం సామానురా."

"అందరికి గిట్లదే కావాలె పెద్దబాపు. ఖరాబు గావద్దు, ఎవ్వలు చెయ్యి పెట్టద్దు." మల్లేష్ తల్లివైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అవ్వా, నువ్వు చాయ్ తేవడానికి కిందికి పోయినప్పుడు బాపు దాంట్ల నీకోసం ఏదో చెప్పి పెట్టిండు. ఆక్సిజన్ పెట్టకముందు. నేను చూసిన. ఇప్పుడు ఇప్పితే గది పోతది."

బాలలక్ష్మి ఫోను పక్కనున్న మీట నొక్కింది. అద్దం మీద మనుమరాలి ఫోటో వెలిగి ఆరింది. చాయ్ కోసం పోకపోయి ఉంటే అనుకుంది. ఆ తర్వాత అది కూడా అనుకోలేదు.

"గొంతు గావాల్సింది నాకు," అన్నది. "అన్నం ముట్టనిది ఆయన."

లేచి విస్తరి దగ్గరికి నడిచింది. అక్కడున్న స్క్రూడ్రైవరు అందుకుంది. మల్లేష్ చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. వేడి మిషన్లు పెట్టి జిగురు కరిగిస్తే తప్ప ఊడదని దుకాణంలో చెప్పిన మూత, మొదటి ఒత్తుకే లేచి వచ్చింది. ఆమె అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. ఒత్తిన ఒత్తు ఆగక మొన లోపలికి దిగింది, పలుచటి పట్టీ ఏదో తెగింది. అద్దం ఒకసారి తెల్లగా మెరిసి నల్లబడింది. తర్వాత ఎంత నొక్కినా వెలగలేదు.

దాన్ని అన్నం పక్కన పెట్టి, కొంగు సర్దుకుని వెనక్కి వచ్చింది.

ఆమె కూర్చోకముందే చెట్టుమీది కాకి ఒకటి దిగింది. విస్తరి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి మెతుకులు ముట్టింది. వెనక ఇంకొకటి దిగింది. రాయమల్లు రెండు చేతులూ జోడించాడు.

"నువ్వన్నదే నిజమాయె బాలలక్ష్మీ. తమ్మునికి గదే గావాలె. ఇగ లేవుండ్రి."

మల్లేష్ మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆడవాళ్లు గిన్నెలు సర్దుకున్నారు. బాలలక్ష్మికి అప్పుడూ కన్నీళ్లు రాలేదు. నడుస్తూ నడుస్తూ చేతిలో ఏదో ఉందని చూసుకుంటే, ఫోను మూత. అక్కడ పెట్టడం మరిచిపోయింది. ఇసుక అంటిందేమోనని కొంగుతో తుడిచి, వెనక్కి తిప్పింది.

లోపలివైపు, సూదిమొనతో, ఏటవాలుగా గీకి ఉంది: అంతయ్య.