మైనస్ మూడు కామా రెండు

నలభై రెండు గ్రాఫు పేపర్లు దిద్దడం అయింది. ఒక్కదాంట్లోనూ ఎడమవైపు చుక్క లేదు.

లెక్కల మాస్టారు ఎర్ర పెన్నుకి మూత పెట్టి తల పట్టుకున్నారు. ఆయన ఇచ్చింది ఆరు బిందువులు. కుడివైపు మూడు, ఎడమవైపు మూడు. కుడివైపువి అందరూ పొల్లుపోకుండా పెట్టారు. మైనస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఫస్టు ర్యాంకు పిల్ల మొదలు ఆఖరి బెంచీ వీరుడి దాకా అంతా ఎగ్గొట్టారు.

తప్పు పెడితే దిద్దొచ్చు. అసలు పెట్టకపోతే ఏం దిద్దుతారు?

ఇది రెండోసారి. కిందటి వారం పరీక్షలోనూ ఇదే తంతు.

"ఈసారి కూడా ఇంతే అయితే మీ క్లాసు వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుంది మాస్టారూ, ఏమీ అనుకోకండి" అని హెడ్మాస్టరమ్మ అప్పుడే మెత్తగా చెప్పారు. ఇరవై ఏడేళ్ళుగా తొమ్మిదో తరగతి ఆయనదే. అది పోతే ఆ బడిలో తనకింక ఏం మిగులుతుందో ఆయనకు తోచలేదు.

ఇంట్లోనూ సుఖం లేదు. పళ్ళెంలో సగం వదిలేసి లేస్తున్నారని భార్య సాధింపు.

"వంట బాగోలేదని నోటితో చెప్పొచ్చుగా? ఈ అలకలెందుకు?"

"అంతా తిన్నానే!"

"బడిపిల్లల బెంగ నెత్తికెక్కించుకుంటే అంతే మరి" అని ఆవిడ సణిగింది.

క్లాసులోకి వెళ్తుంటే తలుపు రెక్క ఎడమ భుజానికి కొట్టుకుంది. ఆ కోపం కూడా పిల్లల మీదికే మళ్ళింది.

"ఎడమవైపంటే మీకు అంత లోకువేంట్రా?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పెట్టాం సార్!"

"అబద్ధం కూడా కూడబలుక్కుని చెప్తున్నారా?"

వసపిట్ట అని పేరుపడ్డ పిల్లను బల్ల దగ్గరికి పిలిచి, కొత్త పేపరు ఇచ్చారు. "నా కళ్ళముందు పెట్టు. మైనస్ మూడు కామా రెండు."

ఆ పిల్ల వంగి, మూడు గళ్ళు ఇటు, రెండు గళ్ళు పైకి అని పైకే లెక్కపెట్టింది. "పెట్టాను సార్."

మాస్టారు చూశారు. చుక్క లేదు.

"ఏదీ?"

"ఇదిగో సార్... ఇక్కడే."

"ఎక్కడే?"

నోరు మూతపడని ఆ పిల్ల ఏడ్చేసింది. దాంతో ఆయనకు కోపం పోయి భయం పట్టుకుంది. నలభై రెండు మందీ కట్టగట్టుకుని తనని వదిలించుకోవాలని చూస్తున్నారా? అంత పాపం తనేం చేశాడు?

"ఏడవకమ్మా" అన్నారు. "నేర్పడం నాకే చేతకాలేదు."

ఆ గోలకి హెడ్మాస్టరమ్మ వచ్చారు. మాస్టారు పేపర్ల కట్ట ఆవిడ చేతిలో పెట్టేశారు. "క్లాసు ఎవరికిస్తారో ఇచ్చెయ్యండి మేడమ్. ఒక్కళ్ళకీ రాలేదు."

ఆవిడ పైపేపరు తీసి చూశారు. కిందిది చూశారు. ఆ తర్వాత చాలాసేపు మాస్టారి మొహం చూశారు. ఒక పేపరును తలకిందులుగా తిప్పి ఆయన ముందు పెట్టారు.

పిల్లలు పెట్టలేదని ఆయన మార్కులు కోసేసిన మూడు చుక్కలూ ఇప్పుడు స్పష్టంగా ఉన్నాయి. ఆయనే ఎర్రసిరాతో టిక్కు కొట్టిన మూడూ, టిక్కులతో సహా, ఎక్కడా లేవు.