ఒక మనిషి తక్కువ

బ్రహ్మయ్య నరసరావుపేట బస్టాండు వెనక క్షవరం షాపు తెరిచి వారం కాలేదు. ముప్పై దాటాక పట్టిన పని. మేనమామ దగ్గర ఆర్నెల్లు నేర్చుకున్నా చెయ్యి ఇంకా కుదురుకోలేదు.

ఆ ఉదయం గుమ్మంలో ఖాకీ చొక్కా కనబడేసరికి చేతిలో దువ్వెన జారి పడింది.

"ఏందిరా ఆ కంగారు?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ ఖాదర్ వలి. "సామాను సర్దుకో. సబ్‌జైల్లో పనుంది."

"నేను కొత్తోణ్ణి సార్. పెద్ద షాపోళ్లను..."

"వాళ్లంతా పెళ్లికి పోయారు. నడువు."

దారిలో సంగతి చెప్పాడు. పోయినేడు అచ్చంపేట దగ్గర మిరపచేలో ఒక రైతును నరికి చంపారు. చూసింది అతని భార్య ఆదిలక్ష్మమ్మ ఒక్కతే. ఇన్నాళ్లకు నాగేశ్వరరావు అనేవాడు దొరికాడు. మీసం తీసేసి తిరుగుతున్నాడట. ఇవాళ జడ్జిగారి ఎదుట అతన్ని ఖైదీల మధ్య నిలబెడతారు. ఆమె గుర్తుపట్టాలి. అందరూ ఒక్కలా కనబడాలంటే మిగతావాళ్ల మీసాలూ తీయాలి.

బ్రహ్మయ్య సామాను పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

జైలు ఆవరణలో ఎండ అప్పుడే మాడ్చేస్తోంది. ఖైదీలు గొణుక్కున్నారు.

"మా నాయన బతికే ఉన్నాడు గదయ్యా, మీసం ఎందుకు తియ్యాల?" అన్నాడొకడు.

బ్రహ్మయ్య తల ఎత్తకుండా నురగ పూశాడు. ఒక్కొక్క మీసమే రాలింది.

ఆఖరున నాగేశ్వరరావు వచ్చి కూర్చున్నాడు. మాసిన గడ్డం గీస్తుంటే మెల్లగా అన్నాడు.

"అన్నా, నా బిడ్డల మీద ఒట్టు. నేను ఆ ఊరే ఎరగను. ఆమె నన్ను చూపిస్తే నాకు ఉరే."

కత్తి జారింది. దవడ మీద సన్నగా నెత్తురు గీత లేచింది. బ్రహ్మయ్య గబగబా పటిక అద్దాడు.

"నాకెందుకు చెప్తావు? జడ్జిగారికి చెప్పుకో" అన్నాడు.

పెట్టె మూసుకుని బయటికి పోబోతుంటే ఖాదర్ వలి అడ్డం వచ్చాడు.

"ఆగరా. వరసలో ఒక మనిషి తక్కువయ్యాడు. నీకు మీసం ఎట్టాగూ లేదు. పోయి నిలబడు."

"షాపు తీసే వదిలేసి వచ్చాను సార్..."

"చానా మాట్లాడబాకు."

బ్రహ్మయ్య చిట్టచివర నిలబడ్డాడు. జడ్జిగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆదిలక్ష్మమ్మను పిలిచారు.

ఆమె ఒక్కొక్కరి ముందూ ఆగింది. నాగేశ్వరరావు ముందు చాలాసేపు నిలబడింది. అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఆమె కదిలింది. చివరిదాకా వచ్చింది. బ్రహ్మయ్య రొమ్ముకు వేలు ఆనించింది.

"వీడే."

"అయ్యో, ఆయన మాకు మీసాలు తీసినోడమ్మా!" అన్నాడు ఒక ఖైదీ. వరసంతా గొల్లున నవ్వింది.

బ్రహ్మయ్య మాత్రం నవ్వలేదు. ఆ రోజు మిరపచేలో తాను గొడ్డలి ఎత్తినప్పుడు కూడా ఆమె ఇలాగే, రెప్ప వేయకుండా తనకేసి చూసింది.